నోట్సు సరిగా ఉంటే నోరు విప్పే సాఫ్ట్‌వేర్: డిగ్రీ తరగతిలో ఎన్‌వీడీఏ

విండోస్ కంప్యూటర్ తెర మీద ఉన్న అక్షరాలను గొంతుతో చదివి వినిపించే ఉచిత స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏ. పూర్తి పేరు నాన్‌విజువల్ డెస్క్‌టాప్ యాక్సెస్. చూపు లేని విద్యార్థులు మౌస్ జోలికి వెళ్లకుండా కీబోర్డు ఒక్కదానితోనే ఫైళ్లు తెరుచుకోవడానికి, వెబ్‌సైట్లలో తిరగడానికి, జవాబులు టైపు చేసి సరిచూసుకోవడానికి దీన్ని వాడతారు. విజయవాడలోని ఒక డిగ్రీ కాలేజీలో కామర్స్ చెబుతూ, తరగతిలోని అంధ విద్యార్థులతో పాటు దీన్ని వాడుతున్న అధ్యాపకురాలిగా ఈ సమీక్ష రాస్తున్నాను. తెర చూస్తూ పక్కన వింటున్న మనిషికి తోచేది వేరు, చెవి ఒక్కటే ఆధారంగా రోజంతా పనిచేసుకునే మనిషికి తోచేది వేరు. అందువల్ల గొంతు, వేగం వంటి విషయాల్లో నా అభిప్రాయాన్ని పక్కన పెట్టి విద్యార్థులు చెప్పినదే ఇక్కడ పొందుపరిచాను.

దీన్ని తయారుచేసినవారు ఆస్ట్రేలియాకు చెందిన మైఖేల్ కరన్, జేమ్స్ టే. ఇద్దరూ చూపు లేనివారే. కరన్ 2006లో రాయడం మొదలుపెట్టగా, మరుసటి సంవత్సరం ఇద్దరూ కలిసి ఎన్‌వీ యాక్సెస్ అనే లాభాపేక్ష లేని సంస్థను స్థాపించారు. వాడుకునేవారే తయారుచేసిన వస్తువు కావడం వల్ల కాబోలు, అలంకారం తక్కువగానూ పని ఎక్కువగానూ కనిపిస్తుంది. సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులో ఉంది. సంస్థ విరాళాల మీదా గ్రాంట్ల మీదా నడుస్తుంది కాబట్టి డౌన్‌లోడ్ పేజీలో విరాళం అడుగుతారు గానీ, ఇవ్వకపోయినా పూర్తి ప్రోగ్రాము దిగుతుంది.

ఉచితం అన్న మాటకు కాలేజీ స్థాయిలో ఉన్న విలువ ఏమిటో తెలియాలంటే, చాలాకాలంగా ఈ రంగంలో ఉన్న జాస్ అనే స్క్రీన్ రీడర్‌ను పక్కన పెట్టి చూడాలి. జాస్ సమర్థమైనదే, కొన్ని ఆఫీసు ప్రోగ్రాముల్లో ఎన్‌వీడీఏ కన్నా ఎక్కువ సౌకర్యాలు ఇస్తుంది కూడా. కానీ లైసెన్సు కొనకుండా వాడితే ఒక విడతకు 40 నిమిషాలే పనిచేస్తుంది, ఆ తర్వాత కంప్యూటర్‌ను మళ్లీ ఆన్ చేసుకోవాలి. మన దగ్గర పీరియడ్ అంతకన్నా పెద్దదని వేరే చెప్పనక్కర్లేదు. ఎన్‌వీడీఏకు అటువంటి గడువు లేదు, ఎన్ని కంప్యూటర్లలో అయినా వేసుకోవచ్చు. వీటన్నిటికన్నా మా విద్యార్థులకు అక్కరకు వచ్చింది దాని పోర్టబుల్ కాపీ. ల్యాబుల్లో కొత్త ప్రోగ్రాములు ఎక్కించడానికి అనుమతి ఉండదు, ల్యాబ్ అసిస్టెంట్ సెలవు పెడితే అడగడానికి మనిషే ఉండడు. పెన్‌డ్రైవ్‌లో పెట్టుకున్న ఎన్‌వీడీఏ ఏమీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేకుండా అక్కడి నుంచే నడుస్తుంది, విద్యార్థి తనకు అలవాటైన వేగాన్నీ గొంతునూ కూడా దానిలోనే వెంట తెచ్చుకుంటాడు.

నేర్చుకోవడం గురించి ఉన్నదున్నట్లు చెప్పాలంటే, మొదట్లో ఇది విసుగు పుట్టిస్తుంది. చాలా ఆజ్ఞలకు ఎన్‌వీడీఏ కీ అనే ఒక కీని కలిపి నొక్కాలి. మామూలుగా అది ఇన్సర్ట్ కీ, చిన్న ల్యాప్‌టాపులలో అది ఏ మూల ఉంటుందో వెతుక్కోవాలి కాబట్టి సెట్టింగుల్లో క్యాప్స్ లాక్‌ను కేటాయించుకోవడం మేలు. వెబ్ పేజీలో హెచ్ నొక్కితే తర్వాతి హెడింగ్‌కు, కే నొక్కితే తర్వాతి లింకుకు, టీ నొక్కితే తర్వాతి పట్టికకు వెళుతుంది. ఎన్‌వీడీఏ కీతో ఎఫ్7 కలిపి నొక్కితే పేజీలోని హెడింగులూ లింకులూ ఒక జాబితాగా వస్తాయి. మాట ఆపడానికి కంట్రోల్ చాలు. ఈ కొద్ది కీలు చేతికి అలవాటైతే మిగతావి అవసరాన్ని బట్టి వస్తాయి. అలవాటుపడిన విద్యార్థులు పెట్టుకునే వేగం వింటే మనకు గడగడమనే చప్పుడు తప్ప మాట వినిపించదు, వారు మాత్రం ఆ వేగంలోనే అక్షరదోషం దొరికిన చోట ఆగుతారు. తరగతిలో ఒక చెవిలో ఇయర్‌ఫోను, రెండో చెవి పాఠానికి వదిలిపెట్టి కూర్చుంటారు. దాన్ని అశ్రద్ధగా భావించి తీయించే అధ్యాపకులు ఇంకా ఉన్నారు.

ఇక తెలుగు గొంతు. ఎన్‌వీడీఏతో పాటు వచ్చే ఈస్పీక్ ఎన్‌జీ అనే ఉచ్చారణ యంత్రానికి తెలుగు వచ్చు. ఇంటర్నెట్ లేకుండానే పనిచేస్తుంది, పాత కంప్యూటర్ మీద కూడా బరువు వేయదు, వేగం పెంచినా మాట ముద్ద కాదు. కానీ అది మనిషి గొంతును రికార్డు చేసి తయారుచేసినది కాదు, పూర్తిగా లెక్కలతో పుట్టించిన ధ్వని. ఒత్తులున్న మాటల దగ్గర బిరుసుగా పలుకుతుంది, వాక్యం ఎక్కడ తేలాలో అక్కడ తేలదు, పద్యం అప్పగిస్తే వినేవారి ఓర్పుకు పరీక్షే. ఇంగ్లీషు, తెలుగు కలిసిన నోట్సులో మరో చిక్కు ఉంది. భాష మారినప్పుడు తానే గొంతు మార్చుకునే సౌకర్యం ఎన్‌వీడీఏలో ఉన్నా, ఏ భాగం ఏ భాషో ఫైలులో గుర్తించి ఉంటేనే అది సరిగా పనిచేస్తుంది. మన వెబ్‌సైట్లలో ఆ గుర్తింపు అరుదు. ఆండ్రాయిడ్ ఫోనులోని స్క్రీన్ రీడరైన టాక్‌బ్యాక్‌కు దొరికే తెలుగు గొంతు దీనికన్నా చాలా మెత్తగా ఉండడంతో, మా విద్యార్థులు తెలుగు పాఠాలను ఫోనులో విని, రాత పని, ఇంగ్లీషు చదువు కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏతో చేసుకుంటున్నారు. తెలుగు గొంతు విషయంలో ఎన్‌వీడీఏకు నేను సగం మార్కులే వేస్తాను.

అయితే గొంతు బిరుసుదనం కన్నా పెద్ద అడ్డంకి మరొకటి ఉంది, దానికి ఎన్‌వీడీఏ బాధ్యత ఏమీ లేదు. తెలుగు పాఠ్యభాగం ఒకటి పంపినప్పుడు ఒక విద్యార్థి ఫోను చేసి, "మేడమ్, ఫైలు తెరుచుకుందండి, కానీ తెలుగు రావట్లేదు, ఏవో డాలర్లూ బ్రాకెట్లూ చదువుతోందండి" అన్నాడు. ఆ ఫైలును తెర మీద చూస్తే ముత్యాల్లాంటి తెలుగు. కంటికి కనిపించే రూపం తెలుగే అయినా లోపల దాచిన అక్షరాలు మాత్రం తెలుగువి కావు. గవర్నర్‌పేట నుంచి ఏలూరు రోడ్డు దాకా ఉన్న డీటీపీ సెంటర్లలో ఈనాటికీ నడుస్తున్న అను వంటి ఫాంట్లు, ప్రతి భాషలోని అక్షరాలకూ సొంత సంకేతం ఇచ్చే యూనికోడ్ వాడుకలోకి రాకముందు తయారైనవి. ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలను పేర్చి, అచ్చులో తెలుగు కనిపించేలా చేస్తాయి. అచ్చు పనికి అవి చేసిన సేవ చిన్నది కాదు, విజయవాడ ప్రచురణ రంగం దశాబ్దాలుగా వాటి మీదే నడిచింది. కానీ స్క్రీన్ రీడర్ కంటితో చదవదు, లోపలి అక్షరాన్నే చదువుతుంది. 1991లోనే యూనికోడ్‌లో తెలుగుకు చోటు దొరికింది, 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత కూడా తెలుగు సిలబస్ కాగితాలు, ప్రశ్నల బ్యాంకులు, గైడ్లు పాత ఫాంట్లలోనే తయారై పీడీఎఫ్‌గా విద్యార్థుల చేతికి వస్తుంటే, చూపున్నవారికి ఏ ఇబ్బందీ తెలియదు కాబట్టి ఎవరూ అడగడం లేదు.

ఇటువంటి ఫైలును బాగు చేసుకోవడానికి దారులు లేకపోలేదు. డీటీపీ సెంటర్‌లో పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాము అసలు ఫైలు ఇంకా ఉంటే, అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. మార్చాక పొల్లులూ వత్తులూ ఒక మనిషి కూర్చుని సరిచూడాలి. అసలు ఫైలు లేకపోతే ఆ పేజీలను బొమ్మలుగా భావించి అక్షరాలను గుర్తింపజేయాలి. ఎన్‌వీడీఏ కీతో ఆర్ నొక్కితే విండోస్‌లోని గుర్తింపు సౌకర్యంతో బొమ్మలోని అక్షరాలు చదివి వినిపిస్తుంది. ఇంగ్లీషు పేజీలకు ఇది ఎంతో ఉపయోగం, ఆ సౌకర్యానికి తెలుగు రాదు. తెలుగుకైతే పీడీఎఫ్‌ను గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరవడం మంచి పద్ధతి, శుభ్రంగా స్కాన్ చేసిన పేజీ అయితే తప్పులు తక్కువగానే వస్తాయి. స్కాన్ చేయడానికి కాపీరైటు అడ్డమని వెనకాడేవారికి ఒక మాట చెప్పాలి: 2012 సవరణతో మన కాపీరైటు చట్టం, దివ్యాంగులు చదువుకోగలిగే రూపంలోకి పుస్తకాన్ని లాభాపేక్ష లేకుండా మార్చుకోవడానికి అనుమతించింది. అటువంటి పుస్తకాలకోసమే 2016లో సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం కూడా మొదలైంది. వాట్సాప్ గ్రూపులో పంపే బోర్డు ఫొటోల సంగతి మాత్రం వేరు. చేతిరాత, వెలుతురు మరక, మధ్యలో ఎవరిదో తల ఉన్న ఆ ఫొటోను ఏ సాఫ్ట్‌వేరూ నమ్మకంగా చదవలేదు.

కామర్స్ చెప్పేవారికి ఎక్కువ ఆసక్తి కలిగించే భాగం పట్టికలు. అంకణాను (ట్రయల్ బ్యాలెన్స్) వర్డ్‌లో స్పేస్‌బార్ నొక్కుకుంటూ అంకెలన్నీ ఒక వరసలో కనిపించేలా టైపు చేస్తే, ఎన్‌వీడీఏ దాన్ని "మూలధనం 50,000 నగదు 12,000 కొనుగోళ్లు 30,000" అని ఒకే బిగిన చదువుకుంటూ పోతుంది. ఏ మొత్తం డెబిట్ వైపుదో, ఏది క్రెడిట్ వైపుదో వినేవారికి తెలియదు. ఆ తేడా తెలియని అంకణా అంకణా కాదు. అదే సమాచారాన్ని వర్డ్ ఇచ్చే టేబుల్‌లో పెట్టి, మొదటి వరసను శీర్షికల వరసగా గుర్తిస్తే, కంట్రోల్, ఆల్ట్ కీలతో బాణం గుర్తులు నొక్కుతూ గడి గడికీ వెళ్లవచ్చు, నిలువు వరస మారిన ప్రతిసారీ "క్రెడిట్" అని శీర్షిక చెప్పి ఆ తర్వాతే అంకె చదువుతుంది. మా విద్యార్థిని ఒకామె ఇదే పద్ధతిలో చిట్టా (జర్నల్) పద్దుల నుంచి ఆవర్జా (లెడ్జర్) ఖాతాలు తయారుచేసి, ఎక్సెల్‌లో నిల్వలు తేల్చి, తేడా వచ్చిన ఖాతాను తానే పట్టుకుంటుంది. గడులు కలిపేసిన పట్టికల్లో మాత్రం ఎన్‌వీడీఏ తడబడుతుంది, వరసల లెక్క తప్పుతుంది. ఆస్తి అప్పుల పట్టీని పాఠ్యపుస్తకంలో ఉన్నట్లు రెండు వైపులా అందంగా గీయాలన్న తాపత్రయం మానుకుని, అప్పులకు ఒక పట్టిక, ఆస్తులకు మరొక పట్టిక ఇవ్వడం మేలు.

హెడింగుల సంగతీ ఇంతే. అక్షరాలు లావు చేసి కింద గీత గీసినంత మాత్రాన అది ఎన్‌వీడీఏకు శీర్షిక కాదు. వర్డ్‌లో హెడింగ్ స్టైల్ ఇవ్వాలి, దానికి కంట్రోల్, ఆల్ట్, 1 కలిపి నొక్కితే సరిపోతుంది. అలా చేయని పొడవాటి నోట్సులో విద్యార్థి హెచ్ నొక్కితే తర్వాతి హెడింగ్ లేదనే జవాబు వస్తుంది, కావలసిన యూనిట్‌కోసం మొదటి నుంచీ వింటూ రావలసిందే. పీడీఎఫ్ చేసేటప్పుడు కూడా ప్రింట్ ద్వారా కాకుండా సేవ్ యాజ్ ద్వారా చేయాలి. ప్రింట్ ద్వారా చేస్తే ఈ శీర్షికలూ పట్టికల గుర్తులూ రాలిపోతాయి.

ఆన్‌లైన్ క్లాసుల్లో ఎన్‌వీడీఏ పరిధి ఎక్కడ ఆగుతుందో తెలుసుకోవడం అవసరం. గూగుల్ మీట్, జూమ్ వంటివాటిలో మైకు ఆపడం, చెయ్యెత్తడం, చాట్ చదవడం కీబోర్డుతో చేసుకోవచ్చు. కానీ అధ్యాపకులు తెర పంచుకున్నప్పుడు అవతలివారికి చేరేది కదిలే బొమ్మ మాత్రమే, అందులో అక్షరాలు ఉండవు. స్లైడు ఎంత చక్కగా తయారుచేసినా, దాన్ని తెర మీద చూపిస్తూ "ఇక్కడ ఉన్నది చూడండి, దీని నుంచి ఇది తీసేస్తే ఇది వస్తుంది" అని పాఠం చెబితే, ఎన్‌వీడీఏ దగ్గర వినిపించడానికి ఏమీ ఉండదు. స్లైడ్ల ఫైలు ముందుగా పంపడం, అంకెను పేరు పెట్టి పలకడం, ఈ రెండూ చేస్తే సమస్య చాలావరకు పోతుంది. డిమాండ్, సప్లై రేఖల వంటి గ్రాఫులకు రెండు మూడు వాక్యాల వివరణ రాసి ఆల్ట్ టెక్స్ట్‌గా, అంటే బొమ్మకు జతచేసిన రాతగా, పెట్టాలి. సూత్రాలను ఫొటోగా అతికించకుండా వర్డ్ ఈక్వేషన్‌గా టైపు చేస్తే, మ్యాత్‌క్యాట్ అనే ప్రోగ్రాము సాయంతో ఎన్‌వీడీఏ వాటిని ఇంగ్లీషులో విడమరిచి చదువుతుంది.

కాలేజీ పోర్టళ్ల గురించి పెద్దగా చెప్పడానికి ఏమీ లేదు, ఎందుకంటే మా విద్యార్థులు ఫీజు కట్టే ఒక పోర్టల్‌లో లాగిన్ పేజీ దాటడమే గండం. వంకర అక్షరాల క్యాప్చా బొమ్మకు శబ్ద రూపం లేదు. దాన్ని ఎవరితోనో చదివించుకుని లోపలికి వెళ్లాక, పేరు పెట్టని బటన్లు వరసగా ఉంటాయి, ఎన్‌వీడీఏ ప్రతిదాని దగ్గరా "బటన్" అని మాత్రమే అంటుంది. ఏది ఫీజు, ఏది హాల్‌టికెట్టు, ఏది లాగౌట్ అన్నది నొక్కి తెలుసుకోవలసిందే. దీనికి భిన్నంగా, ఆన్‌లైన్ పాఠాల వేదికైన మూడిల్‌లో అధ్యాపకులు సక్రమంగా నింపిన కోర్సు పేజీలో హెడింగుల మీదుగా వారం వారం పాఠానికి సులువుగా వెళ్లవచ్చు.

ఇవన్నీ సౌజన్యంగా చేసే సాయాలని అనుకునేవారు ఉన్నారు గనుక చట్టం సంగతి రాస్తున్నాను. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ, ప్రభుత్వ సాయం పొందే ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు దివ్యాంగులకు ప్రత్యేకించమన్నది, ఎలక్ట్రానిక్ రూపంలోని సమాచారం అందరికీ అందేలా ఉండాలన్నది. యూజీసీ 2022లో, దివ్యాంగులకు అన్నీ అందుబాటులో ఉండేలా ఉన్నత విద్యాసంస్థలకు మార్గదర్శకాలను వెలువరించింది. 2024 నవంబరులో రాజీవ్ రాటూరి కేసులో సుప్రీంకోర్టు, ఇటువంటి ప్రమాణాలను వట్టి సిఫార్సులుగా వదిలేయడానికి వీల్లేదని, తప్పనిసరి నిబంధనలు రూపొందించాలని కేంద్రాన్ని ఆదేశించింది. వెబ్‌సైట్లు తయారుచేయించే కాలేజీలు టెండరు కాగితంలో స్క్రీన్ రీడర్‌తో పనిచేయాలన్న షరతును రాయించుకోకపోతే, తర్వాత సరిదిద్దించుకోవడం ఖర్చుతో కూడిన పని.

పరీక్షల విషయంలో ఎన్‌వీడీఏ తెచ్చే మార్పు అన్నిటికన్నా పెద్దది. కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ 2018 ఆగస్టులో ఇచ్చిన మార్గదర్శకాలు, రాయలేని అభ్యర్థులకు స్క్రైబ్‌తో (చెప్పింది రాసిపెట్టే మనిషితో) పాటు కంప్యూటర్‌లో రాసుకునే అవకాశాన్నీ పేర్కొన్నాయి, గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలన్నాయి. స్క్రైబ్‌తో రాసే విద్యార్థి తన జవాబును మళ్లీ చదువుకోలేడు, వాక్యం తిరగరాయమనడానికి మొహమాటపడతాడు, అవతలివారికి కామర్స్ పదాలు తెలియకపోతే ఒక్కో మాటకూ అక్షరాలు చెప్పాలి. ఎన్‌వీడీఏతో టైపు చేసుకున్న విద్యార్థి జవాబు ఆసాంతం విని దిద్దుకోగలడు. మా ఇంటర్నల్ పరీక్షల్లో ఈ పద్ధతి పెట్టాక జవాబుల నిడివి పెరిగింది, చివరి ప్రశ్న వదిలేయడం తగ్గింది. ఇంగ్లీషు జవాబులకు ఇది బాగా కుదిరింది. తెలుగులో టైపు చేయాలంటే ఇన్‌స్క్రిప్ట్ వంటి తెలుగు కీబోర్డు అమరిక నేర్చుకోవాలి, దానికి ఒక సెమిస్టరు ముందే సాధన మొదలుపెట్టాలి.

చూపు లేనివారికి తప్ప మిగతా దివ్యాంగులకు ఈ సాఫ్ట్‌వేర్ ఉపయోగం స్వల్పమే. చట్టం గుర్తించిన వైకల్యాలు 21. వినికిడి లోపం ఉన్నవారికి వీడియోలలో క్యాప్షన్లు, సంకేత భాష కావాలి, చూపు కొంత ఉన్నవారికి చాలాసార్లు విండోస్ మాగ్నిఫయరే హాయిగా ఉంటుంది. ఎన్‌వీడీఏ ఒకటి వేశాం కాబట్టి మా కాలేజీ సమ్మిళితం అని నివేదికలో రాసుకోవడం కుదరదు.

అంధ విద్యార్థి ఒక్కరున్నా ల్యాబులోని కంప్యూటర్లన్నిటిలోనూ దీన్ని వేయించమని నా సలహా, ఒకే కంప్యూటర్‌లో వేస్తే ఆ కుర్చీ ఖాళీగా ఉండదు. అధ్యాపకులు కూడా తమ కంప్యూటర్‌లో వేసుకుని, నోట్సు పంపే ముందు తెర ఆపేసి ఒక పేజీ విని చూడాలి. ప్రోగ్రాముకు డబ్బు ఖర్చు లేదు కాబట్టి ఆ మిగులును రెండింటి మీద పెట్టవచ్చు: ఒకటి, గంటల తరబడి పెట్టుకున్నా చెవి నొప్పి పుట్టని మంచి హెడ్‌ఫోన్లు. రెండవది, పాత ఫాంట్ల తెలుగు నోట్సును యూనికోడ్‌లోకి మార్చి, పొల్లులతో సహా సరిచూసి పెట్టే మనిషికి జీతం. ఈ రెండోదానికి బడ్జెట్‌లో ఏ పద్దు కిందా చోటు లేదని మా ఆఫీసు వారు అంటున్నారు, లైబ్రరీ పుస్తకాల పద్దు కింద పెట్టమని మేము అడుగుతున్నాం.